ముట్టని మేత

తినలేదు. ఇవాళ కూడా తినలేదు. తొమ్మిదో రోజు. పొద్దున వేసిన కోడిపేగులు వేసినట్టే ఉన్నాయి, ఎండకి నల్లబడి, గచ్చుకి అతుక్కుపోయి. ఈగలు వాటి మీద పొరలా వాలుతున్నాయి, లేస్తున్నాయి, మళ్ళీ వాలుతున్నాయి. దస్పన్ కొత్త జాలీ గూటి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. మోకాళ్ళ మీద సుత్తి. జుమ్మా నమాజు నుంచి వచ్చి చొక్కా కూడా మార్చలేదు. గూట్లో రెండు ఉడుములు. పెద్దది, జురాగన్, తొట్టి గట్టు మీద తల ఎత్తి కదలకుండా ఉంది. చిన్నది, గెంబుల్, అవతలి మూల గోడకి ముక్కు ఆనించి, పంతులు శిక్ష వేసిన బడిపిల్లలా ఉంది. దాని పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. తోక మొదట్లో ఉండాల్సిన కండ లేదు, తోలు ముడతలు పడి వేలాడుతోంది. తినండి, మీ దుంపతెగ. మీ కోసం ఇటుక ఇటుక మోసి కట్టాను, మూడు రోజులు నిద్ర లేదు, తినడానికేం రోగం?

మూడింటికి వస్తానన్నాడు అల్లుడు. అసర్ అజా వినపడేసరికి మీ గేటు దగ్గర ఉంటా మామయ్యా, నా భార్యని సిద్ధంగా ఉంచండి అని కుసేన్ మెసేజి పెట్టాడు. సిద్ధంగా. ఉన్నాను రారా, సిద్ధంగానే ఉన్నాను. దస్పన్ సుత్తి పిడిని అరచేతిలో తిప్పాడు. పిడి నల్లగా, నున్నగా ఉంది, తన చెయ్యే దాన్ని అలా అరగదీసింది. ఉడుముకైతే కళ్ళ వెనక రెండు వేళ్ళ దూరంలో, మెడ మొదలయ్యే చోట. అక్కడ ఎముక పల్చగా ఉంటుంది. మనిషికి ఎక్కడో ఈ వారమంతా ఆలోచిస్తున్నాడు, ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు దొర్లిస్తూ, బండి నడుపుతూ, మసీదులో వంగి లేస్తూ కూడా. చెవి వెనక. కాదు, ముందు మోకాలి చిప్ప. అది పగిలితే కూలబడతాడు, అప్పుడు కింద నుంచి పైకి చూస్తాడు, ఆ చూపు ఒకసారి చూడాలి. కూతురు వార్నితి దవడ మీద వాడి పిడికిలి పడినప్పుడు తను కింద నుంచే చూసి ఉంటుంది కదా. ఆ తర్వాత చెవి వెనక. రెండు దెబ్బలు. రెండు ఎక్కువే, తోళ్ళ షెడ్డులో అయితే రెండో దెబ్బకి యజమాని తిట్టేవాడు.

పంతొమ్మిదేళ్ళు ఆ షెడ్డులో. చిమనుక్ నది ఒడ్డున, తాటాకు కప్పు కింద, పంతొమ్మిదేళ్ళు. రొయ్యల చెరువు గట్ల మీదా కాలవల్లోనూ ఉచ్చులేసి పట్టిన వాటిని గోనెసంచుల్లో తెచ్చి పడేసేవాళ్ళు, కాళ్ళు వీపు మీదకి విరిచి కట్టి, మూతికి ప్లాస్టిక్ తాడు చుట్టి. సంచులు ఊపిరి తీస్తున్నట్టు కదిలేవి. మూతి విప్పడం, తోక మీద కాలెయ్యడం, కొట్టడం. గడ్డం కింద నుంచి తోక దాకా ఒకటే కోత. తడి చొక్కా విప్పినట్టు ఊడొచ్చేది తోలు, ఆ చప్పుడు కూడా తడి చొక్కాదే. లోపల గుండె ఇంకా కొట్టుకుంటూ ఉండేది, తోలు లేదని దానికి ఎవరూ చెప్పనట్టు. తోలు పలకకి మేకులతో కొట్టి ఆరబెట్టేవాళ్ళు, మాంసం గజ్జికి మందని తినేవాళ్ళ కోసం పుల్లకి గుచ్చి కాల్చే సాతే దుకాణం వాడు పట్టుకెళ్ళేవాడు. రోజుకి ముప్ఫై, నలభై. సాయంత్రానికి చెవుల్లో ఆ దెబ్బ ఒక్కటే మోగుతూ ఉండేది. ఇంటికొచ్చి చేతులు నిమ్మచెక్కతో తోమినా వాసన పోయేది కాదు. భార్య రసియెం కంచం అతని ముందు పెట్టి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడేది. ఎందుకే అంత దూరం, నేను కంపు కొడుతున్నానా? అదే మొదటిసారి. చెంప మీద. ఆమె ఇంకో రెండడుగులు వెనక్కి వేసింది, అంతే.

అది గుర్తు రాకూడదు ఇప్పుడు. ఇప్పుడు కుసేన్ గురించి కదా. నా బిడ్డని కొట్టినవాడి గురించి.

వార్నితి పదిహేనేళ్ళప్పుడు షెడ్డుకి అన్నం క్యారియర్ తెచ్చేది. లోపలికి రాదు, స్తంభం దగ్గర ఆగిపోయి మొహం పక్కకి తిప్పుకుని క్యారియర్ ఉన్న చెయ్యి చాపేది. ఒకరోజు సంచీ దులుపుతుంటే అడుగున, చచ్చిన వాటి కింద, చెయ్యి పొడవు ఉడుంపిల్ల ఒకటి, ఒళ్ళంతా పసుపు చుక్కలు. తోలుకి పనికిరాదు. అవతల పారెయ్యి అన్నాడు ఎవరితోనో. పారేసేలోపు వార్నితి దాన్ని బడిసంచీలో వేసుకుంది, పుస్తకాల మధ్య. గెంబుల్ అని పేరు పెట్టింది, అంటే బొద్దోడు. చీపురు పుల్లంత దానికి బొద్దోడని పేరేంటే అని నవ్వితే, చూస్తూ ఉండు నాన్నా, అవుతాడు అంది. అయ్యింది కూడా. కోడిగుడ్డు, కాలవ చేపలు, ఎలకలు, వార్నితి చేతిలోంచే తీసుకునేది, వేళ్ళు తగలకుండా, మర్యాదగా. రసియెం తైవాన్‌లో ఎవరి ఇంట్లోనో ముసలామెకి సేవ చెయ్యడానికి వెళ్ళిపోయిన ఏడు అది. మూడేళ్ళని వెళ్ళింది. అక్కణ్ణుంచే విడాకుల కబురు పంపింది. ఇంట్లో తండ్రీ కూతురూ ఉడుమూ. కూతురు ఉడుముతో మాట్లాడేది, అతనితో మాట్లాడేది కాదు. పెళ్ళయ్యి వెళ్తూ దాన్నీ తీసుకెళ్ళిపోయింది, పెళ్ళికొడుకు పక్కన ఒళ్ళో బుట్ట పెట్టుకుని. ఊరంతా నవ్వింది.

ఇల్లు మరీ ఖాళీ అయిపోయింది. అప్పుడే ఒక రోజు షెడ్డులో ఒకదాన్ని కొట్టాడు, చావలేదు. మళ్ళీ కొట్టాడు, చావలేదు. రెండు దెబ్బలూ తిని, నెత్తి మీద గుంట పడి, కళ్ళు తెరిచి సూటిగా చూసింది. ఆ చూపు నచ్చింది అతనికి. నాలాంటిదే ఇది అనుకున్నాడు. ఇంటికి తెచ్చి జురాగన్ అని పేరు పెట్టాడు, అంటే యజమాని. షెడ్డులో అందరూ నవ్వారు, అసలు యజమానికి చెప్పకండ్రోయ్ అని. భుజం పాడై ఆ పని మానేసినా జురాగన్ మాత్రం ఉంది, పెరట్లో పాత కోళ్ళగూట్లో, రోజుకింత పేగులు తిని రెండు గజాలు పెరిగింది.

ఆ ఆదివారం తలుపు తీస్తే వార్నితి. ఒక చేతిలో బట్టల సంచీ, ఇంకో చేత్తో బియ్యపు గోనె ఈడ్చుకొస్తోంది, గోనెలో గెంబుల్. దవడ ఇంత వాచి, ఒక కన్ను మూసుకుపోయి. ఏమైంది అని అడగలేదు అతను. అడగక్కర్లేదు, ఆ వాపు ఏ చేతిదో, ఏ కోణంలో పడిందో, కుడా ఎడమా, పిడికిలా అరచెయ్యా, అన్నీ చూడగానే తెలిసిపోయాయి, తన పని తనకి తెలిసినట్టు. నెత్తురు కళ్ళకెక్కింది. కానీ పిల్ల చెయ్యి పట్టుకుని, ఇప్పుడు కాదు నాన్నా, నీళ్ళివ్వు అంది. నీళ్ళిచ్చాడు. ఆ రాత్రే కొత్త గూడు మొదలుపెట్టాడు. చేతులకి ఏదో ఒకటి కావాలి. ఇటుక, సిమెంటు, జాలీ, పైన రేకు. ఇందులో రెండూ ఉంటాయి, నీదీ నాదీ, ఒకటే ఇల్లు అన్నాడు. అడ్డాలు లేవు, చాటు మూలలు లేవు, దాక్కునే తూములు లేవు, ఎక్కణ్ణుంచి చూసినా మొత్తం కనపడాలి. వదిలిన మొదటి రోజు జురాగన్ మెల్లగా వచ్చి గెంబుల్ వీపు మీద ముందుకాలు వేసి నిలబడింది. గంటసేపు అలాగే. చూడవే, భుజం మీద చెయ్యేసుకున్నాయి, దోస్తులైపోయాయి అన్నాడు. వార్నితి నవ్వలేదు. అది దోస్తీ కాదు నాన్నా అంది.

ఆ డాక్టరమ్మ కూడా అదే అంది. చిరెబోన్‌లో ఉంటుంది, విదురి అని, పాములకీ ఉడుములకీ చూసే డాక్టరు. నాలుగు రోజుల కిందట ఫోన్ చేశాడు, బాపక్ అని పెద్దవాళ్ళని పిలిచినట్టే మర్యాదగా పిలిచింది.

“గూట్లో ఒకదానికి రెండోది కనపడకుండా ఉండే చోటు ఉందా బాపక్?”

“లేదమ్మా. ఎందుకు? కొట్టుకోవట్లేదు కదా. ఒక్క గాటు కూడా లేదు.”

“కొట్టుకోనక్కర్లేదు. చూస్తూ ఉంటే చాలు. పెద్దది చూస్తున్నంతసేపూ చిన్నది నోరు తెరవదు. ఇవాళే విడదియ్యండి.”

“పెద్దది కూడా తినట్లేదుగా మరి?”

“కాపలా కాసేదానికి తిండెక్కడ గుర్తుంటుంది?”

“నేను పంతొమ్మిదేళ్ళుగా ఉడుముల్ని ఎరుగుదును తల్లీ.”

“చంపడం ఎరుగుదురు బాపక్. తినిపించడం వేరే పని.”

ఫోన్ పెట్టేశాడు. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల. విడదియ్యలేదు. విడదీస్తే ఈ గూడు దండగ అని ఒప్పుకున్నట్టే, మూడు రోజులు కట్టింది, ఊరంతా వచ్చి చూసి మెచ్చుకున్నది. అలవాటవుతాయి. ఆకలేస్తే అవే తింటాయి. అందరూ అలాగే అలవాటవుతారు. రసియెం అలవాటు కాలేదూ, ఆ చెంపదెబ్బ నుంచి పన్నెండేళ్ళు? కాలేదు. వెళ్ళిపోయింది. మణికట్టు వంకరగానే అతుక్కుంది ఆమెకి, కుడిది, ఎప్పుడూ కుడిచేత్తో బిందె ఎత్తలేకపోయేది. పులుసులో ఉప్పెక్కువైందని కాదు, అది కాదు కారణం, కారణం ఏంటో ఇప్పుడు గుర్తు లేదు, చప్పుడు మాత్రం గుర్తుంది, ఎండు కొమ్మ విరిచినట్టు. ఆ తర్వాత పిల్లేదీ అని వెతికితే మంచం కింద, ఏడేళ్ళ పిల్ల, పిడికిట్లో అన్నం ముద్ద అలాగే, నోట్లో పెట్టుకోకుండా, కింద పెట్టకుండా. బయటికి రావే, నిన్నేం చెయ్యను అన్నాడు. రాలేదు. తెల్లారేదాకా రాలేదు. నిన్నేం చెయ్యలేదు కదే నేను. ఒక్కనాడూ నీ మీద చెయ్యి వెయ్యలేదు. అది నిజం. అల్లా సాక్షిగా అది నిజం.

జురాగన్ నాలిక బయటికి తీసి లోపలికి లాక్కుంది. గెంబుల్ గోడకి ఇంకొంచెం అతుక్కుంది. చెమట కళ్ళలోకి కారుతోంది. రేకు ఎండకి టక్కు టక్కుమంటోంది. ఇంకెంత టైముంది? ముప్పావు గంట? వార్నితి లోపల గదిలో ఉంది, ఆ గది కిటికీ పరదా కదల్లేదు. పిల్ల కూడా తినడం లేదు. ఉడుములకేనా రోగం, ఇంటికే పట్టింది. ఎదురుగా కూర్చోబెట్టి తినవే అంటే, తింటాను నాన్నా అంటుంది. అన్నం కెలుకుతుంది, ఒక మెతుకు నోట్లో పెట్టుకుని నములుతూనే ఉంటుంది. నా ముందు తిను, నేను చూడాలి అంటాడు. చూస్తూ కూర్చుంటాడు. ఐదో రోజు కోపం ఆపుకోలేక బల్ల మీద గుద్దితే కంచం ఎగిరిపడింది. వాడు నిన్ను పస్తులు పెట్టి చంపాడు, నేను పెడుతుంటే తినడానికేమే? పిల్ల లేచి చెల్లాచెదురైన అన్నం ఎత్తి, బల్ల తుడిచి, గదిలోకి వెళ్ళిపోయింది. ఇందాక మధ్యాహ్నం కూడా అంతే. కుసేన్ వస్తే నేను మాట్లాడతాను నాన్నా అంది. నువ్వు గది దాటి రాకు, మాటలేం లేవు అన్నాడు. ఆ సుత్తెందుకు? అది నా పని. పిల్ల సుత్తి వైపే చూసింది, తన మొహం వైపు చూడలేదు. ఎప్పుడైనా చూసిందా? పిల్ల కళ్ళు ఏ రంగో చెప్పమంటే చెప్పగలడా?

కంచె సందులోంచి పక్కింటి దాస్మి వచ్చింది. వీధిలో చిన్నాపెద్దా అందరూ ఆవిడని యు దాస్మి అనే పిలుస్తారు, యు అంటే అక్క, మగవాళ్ళనైతే, మొగుణ్ణైనా, కాంగ్ అంటారు. అరవై దాటినా బజ్జీల బండి పెట్టి తన కాళ్ళ మీద తను నిలబడ్డ మనిషి. నడుముకి దోపిన కొంగు నిండా నూనె మరకలు.

“కాంగ్ దస్పన్, నా గిన్నేదీ? నీలం పువ్వులది.”

“నీ గిన్నె నా ఇంట్లో ఎందుకుంటుంది యు?”

“వార్ని నిన్న పట్టుకొచ్చిందిలే. చేప తలకాయ పులుసు. రెండు పళ్ళేలు లాగించి, చాలక గిన్నెలో కూడా పెట్టించుకుంది. ఆ బిడ్డ తినడం చూస్తే ఎంత ముచ్చటేసిందో!”

దస్పన్ తల తిప్పి చూశాడు. “ఎవరు? వార్నితా?”

“ఇంకెవరు? నీ బండి చప్పుడు వీధి మలుపు తిరగ్గానే రోజూ వచ్చేస్తుందిగా. నీకు తెలీదూ?”

“దాని నోట్లోకి పన్నెండు రోజులుగా మెతుకు పోవట్లేదు. నా కళ్ళతో చూస్తున్నాను.”

“నువ్వు చూస్తున్నప్పుడు పోదులే,” అనేసి దాస్మి నాలిక కరుచుకుంది. ఆమె చూపు సుత్తి మీదకి జారింది. “అది లోపల పెట్టు కాంగ్. నీ చేతిలో అది చూస్తుంటే నాకే గుటక పడట్లేదు.”

“పో ఇక్కణ్ణుంచి.”

“పోతాలే, కసరకు. గిన్నె పంపించు.”

పోయింది. కంచె ఊగి ఆగింది. రెండు పళ్ళేలు. నీ బండి చప్పుడు మలుపు తిరగ్గానే. అంటే పొద్దున తను హెల్మెట్ పెట్టుకుంటుంటే గదిలో పిల్ల చెవులు రిక్కించి వింటూ ఉంటుంది, ఇప్పుడు స్టార్టయింది, ఇప్పుడు గేటు దాటింది, ఇప్పుడు మలుపు. అప్పుడు ఆకలేస్తుంది. నా అన్నం చేదా? నా ఇల్లు చేదా? వాడు కొడితే నా దగ్గరికొచ్చావు, నా దగ్గరికొచ్చి నన్ను చూసి అన్నం మానేశావు, ఎంత ద్రోహం ఇది, ఎవరి కోసం కట్టాను ఇదంతా, ఎవరి కోసం కూర్చున్నాను ఈ ఎండలో, ఎవరి కోసం చంపబోతున్నాను? గుండెల్లోంచి వేడి పైకి ఎగదన్నింది, మెడ దాటి, చెవులు దాటి. తెలిసిన వేడే. అది వచ్చినప్పుడు చేతులు తన మాట వినవు. లేచాడు. గూటి తలుపు కొక్కెం తీశాడు. కర్ర కొసకి పేగులు చుట్టి, సుత్తి ఇంకో చేతిలో పట్టుకుని, లోపలికి వంగి గెంబుల్ మూతి మీద పొడిచాడు. తిను. పొడిచాడు. నా ముందు తిను. మళ్ళీ పొడిచాడు. గెంబుల్ బుస కొట్టి గొంతు ఉబ్బించింది, తోక కొరడాలా ఝాడించింది, కర్ర ఎగిరిపోయింది. గోడ వెంట పరిగెత్తడానికి దారి లేక అది తొట్టి వైపే పరిగెత్తింది, జురాగన్ వైపే.

తొమ్మిది రోజులుగా కదలనిది ఒక్క ఊపులో కదిలింది. గెంబుల్ మెడ పక్కన పట్టేసింది. ఉడుంపట్టు అని జనం మాటవరసకి అంటారు, ఆ పట్టు ఏంటో దస్పన్‌కి తెలుసు, చచ్చాక కూడా దవడ విప్పడానికి గునపం వాడాల్సి వచ్చేది. రెండూ దొర్లాయి. నీళ్ళు పైకి లేచాయి, గోళ్ళు సిమెంటుని గీరాయి, తోకలు జాలీకి తగిలి గూడంతా దద్దరిల్లింది. జురాగన్ తల అటూ ఇటూ విదిలిస్తోంది, ఆ విదిలింపుకి గెంబుల్ తోలు చిరుగుతోంది, ఆ చప్పుడు, తడి చొక్కా చప్పుడు. తొట్టిలో నీళ్ళు ఎర్రబడ్డాయి. గెంబుల్ నోరు తెరుచుకుంది, అరుపు లేదు, వాటికి అరుపు ఉండదు, ఖాళీ నోరు అంతే. దస్పన్ గూట్లోకి దూరాడు. ఎడమ మోకాలు జురాగన్ తోక మీద. కుడిచెయ్యి పైకి లేచింది. కళ్ళ వెనక రెండు వేళ్ళ దూరం, పాత గుంట పక్కనే. ఈసారి చస్తావు. ఈసారి ఒక్కటే దెబ్బ.

“కొట్టకూ!”

సుత్తి ఎత్తినది ఎత్తినట్టే తిరిగాడు. వార్నితి గూటి తలుపు దగ్గర, మూడడుగుల దూరంలో. అతను తిరగడం చూసిందో లేదో, కుప్పకూలిపోయింది. ఎవరూ తోయలేదు. మోకాళ్ళు గుండెలకి లాక్కుని, రెండు చేతులూ తల మీద కప్పుకుని, మోచేతులు చెవులకి నొక్కుకుని, నేలకి అతుక్కుపోయింది. ఎంత ఒడుపుగా కూలిందో, ఎన్నేళ్ళ సాధనో, శరీరం దానంతటదే ముడుచుకుంది. దస్పన్ గేటు వైపు చూశాడు. గేటు మూసే ఉంది. కుసేన్ ఇంకా రాలేదు. పెరట్లో ఎవరూ లేరు. కొట్టేవాడు ఎవరని అంత భయం? సుత్తి తన చేతిలోనే ఉంది, పైకి, బిడ్డ నెత్తికి సూటిగా. ఇరవై మూడేళ్ళ పిల్ల, ఏడేళ్ళ పిల్లంత చిన్నదిగా, మట్టిలో. ఒక్కనాడూ నీ మీద చెయ్యి వెయ్యలేదే. వెయ్యలేదు. వెయ్యనక్కర్లేకపోయింది.

వేళ్ళు వాటంతటవే విడివడ్డాయి. సుత్తి ఎర్రనీళ్ళలో మునిగిపోయింది. ఎడమచెయ్యి జురాగన్ దవడల మధ్య దూర్చాడు, గునపం దూర్చినట్టు. ఆలోచించలేదు. పళ్ళు లోపలికి వంగి ఉంటాయి, లోపలికి వెళ్ళేది తేలికే. జురాగన్ గెంబుల్‌ని వదిలింది, ఆ చేతిని అందుకుంది. తెల్లటి మంట, భుజం దాకా. లోపల ఏదో టప్‌మంది, చిన్నవేలో, దాని పక్కదో. అది తల విదిలించింది, అతని శరీరం కూడా దాంతోపాటు ఊగింది, తల జాలీకి కొట్టుకుంది. అరవలేదు. కుడిచెయ్యి ఖాళీగా ఉంది, గొంతు పిసకొచ్చు, కన్ను పొడవొచ్చు. ఏదీ చెయ్యలేదు. ఆ చేతిని అలాగే తన తొడ కింద నొక్కి పెట్టుకున్నాడు. వార్నితి లేచింది, ఎప్పుడు లేచిందో, గెంబుల్‌ని రెండు చేతులా ఎత్తుకుని స్నానాల గదిలోకి పరిగెత్తి, తలుపు వేసి, దండెం మీది తడి లుంగీతో తిరిగొచ్చింది.

“కదలకు నాన్నా. లాక్కోకు. లాక్కుంటే ఇంకా పట్టుకుంటుంది.”

లుంగీ జురాగన్ తల మీద వేసింది, కళ్ళు మొత్తం కప్పి, మెత్తగా అదిమింది. బకెట్టుతో నీళ్ళు పోసింది. చీకట్లో దాని ఊపిరి మెల్లగా తగ్గింది. పట్టు సడలింది. ఎంతసేపటికో తెలియదు, చెయ్యి బయటికొచ్చింది, చిన్నవేలు చివర లేదు, పక్కవేలు తోలుకి వేలాడుతోంది. పంతొమ్మిదేళ్ళలో ఇది తనకి తెలియదు. కళ్ళు కప్పితే చాలునని తెలియదు.

అజా మొదలైంది. దాంతోపాటే గేటు ముందు బండి ఆగింది.

కుసేన్ లోపలికొచ్చి, నెత్తురు చూసి, ఒక్క క్షణం ఆగి, నవ్వాడు. “ఏంటి మామయ్యా, నన్ను కోద్దామనుకుని నువ్వే కోసుకున్నావా?” తర్వాత వార్నితి వైపు తిరిగాడు. “సంచీ తెచ్చుకో. ఇంజను ఆపలేదు.”

“రాను.”

“ఏంటీ?”

“రాను కాంగ్. నువ్వింటికెళ్ళు.”

గూటి తలుపు పట్టుకుని నిలబడింది. మాట వణకలేదు. కుసేన్ రెండు అంగల్లో వచ్చి జుట్టు అందుకున్నాడు. దస్పన్ మధ్యలోకి దూరాడు, దూరడమంటే అంతే, తన ఒళ్ళు వాళ్ళిద్దరి మధ్య పెట్టాడు. మొదటి గుద్దు దవడ మీద పడింది. నోట్లో ఉప్పు. ఇదా, ఇలా ఉంటుందా? రెండోది కణత మీద. వీడి చెవి వెనక చోటు కళ్ళ ముందే ఉంది, చెమటకి మెరుస్తూ, కుడిచెయ్యి లేచింది కూడా, భుజం దాకా. వెనక బిడ్డ ఊపిరి ఆగిపోవడం వినపడింది. ఆ ఊపిరి. తన చెయ్యి లేచినందుకు ఆగిన ఊపిరి. చెయ్యి దించి వెనక్కి పెట్టుకున్నాడు. సుత్తి నీళ్ళలో లేకపోతే దించేవాడా? తెలియదు. మూడో గుద్దుకి మోకాళ్ళు వంగాయి, అయినా పక్కకి జరగలేదు. నోటినిండా నెత్తుటితోనే అన్నాడు, “కొట్టు. దాని తల్లి మణికట్టు విరగ్గొట్టినవాణ్ణి నేను. ఎంత కొట్టినా లోపలి లోటు నాకు తీరలేదు, నీకూ తీరదు. దాన్ని మాత్రం వదిలెయ్యి.”

కంచె అవతల నుంచి దాస్మి వచ్చింది, రెండు గుడ్డలతో మూకుడు పట్టుకుని, నూనె సలసల కాగుతోంది. వెనకాల వీధి ఆడవాళ్ళు నలుగురైదుగురు.

“ఇంకొక్క అడుగు వెయ్యి నాయనా, బజ్జీ వేగినట్టు వేగిపోతావు. ఆ మొహం మళ్ళీ పెళ్ళికి పనికిరాదు.”

కుసేన్ జుట్టు వదిలాడు. అందర్నీ చూశాడు, మూకుణ్ణి చూశాడు, వెనక్కి నడిచాడు. బండెక్కి, గేటులోంచి ఉమ్మేసి, “మేపుకో నీ కూతుర్ని నువ్వే!” అని అరిచి పోయాడు. బండి చప్పుడు మలుపు తిరిగేదాకా ఎవరూ కదల్లేదు.

వార్నితి తువ్వాలుతో అతని చెయ్యి చుట్టింది. గట్టిగా, మూడు చుట్లు. మొదటిసారి దాని కళ్ళు దగ్గర్నుంచి చూశాడు, గోధుమరంగువి, రసియెం కళ్ళే. ఏదో అనాలని ఉంది. క్షమించు అనే మాట గొంతులో ఎక్కడా లేదు, వెతికినా దొరకలేదు, ఎప్పుడూ వాడని మాట. తొట్టి గట్టు మీద జురాగన్ లుంగీ కిందే పడుకుని ఉంది. స్నానాల గదిలో గెంబుల్ గోళ్ళు గచ్చు మీద గీసుకుంటున్నాయి, బతికే ఉంది.

“డాక్టరుకి ఫోన్ చెయ్యి, మెడకి కుట్లు పడాలి దానికి. నంబరు బల్ల మీద ఉంది.”

“నీ చెయ్యి?”

“దవాఖానాకి పోతాను, నడిచే. రాత్రికి ఫ్యాక్టరీలోనే పడుకుంటాను.”

“నేనూ వస్తాను.”

“వద్దు. దాని దగ్గరుండు.”

ఇంటి వాకిట్లోకి వచ్చాడు. చెప్పులు వేసుకోవడానికి ఒంటిచేత్తో తంటాలు పడ్డాడు. వార్నితి గుమ్మంలో నిలబడింది.

“లోపల గడియ పెట్టుకో,” అన్నాడు నేల వైపు చూస్తూ. “ఎవరొచ్చినా తియ్యకు.”

“నువ్వొస్తే?”

వీధిలో ఆడవాళ్ళు ఇంకా గుసగుసలాడుకుంటున్నారు. తువ్వాలు కొసనుంచి ఒక చుక్క రాలి చెప్పు మీద పడింది.

“నేనొచ్చినా.”

తలుపు మూసుకుంది. అతను కదల్లేదు. గడియ చప్పుడు రాలేదు. రాకపోతే బాగుండునని ఒక్క క్షణం, సిగ్గు లేకుండా, ప్రాణమంతా కోరుకుంది. తలుపు అవతల ఆమె కూడా నిలబడే ఉంది, ఊపిరి వినపడుతోంది. తర్వాత పై గడియ పడింది. కొంచెం ఆగి, కింది గడియ కూడా. అప్పుడు దస్పన్ మెట్లు దిగి వీధిలోకి నడిచాడు.